నేను కూర్చోబెట్టిన పూస

ముప్పై నాలుగేళ్లు మనుషుల వీపులు చూస్తూ బతికాను. అందుకే నాకు ముఖాలు గుర్తుండవు. కావలి బస్టాండులో ఎవరైనా "బాగుండావా సుగుణమ్మా?" అని పలకరిస్తే నవ్వి తలూపుతాను గానీ, ఆ మనిషి తిరిగి నడిచిపోయేటప్పుడుగాని ఎవరో తెలియదు. కుడి భుజం కాస్త ఎత్తు, నడుము దగ్గర ఎడమకు వాలు... ఓహో, ఈయన రైసుమిల్లు రెడ్డి గారు కదా అనుకుంటాను. అప్పటికి ఆయన బస్సెక్కేసి ఉంటాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఎక్కడ నొక్కాలి, ఎంత నొక్కాలి అని అడుగుతుంటారు. తెలిసినంత చెబుతాను. కానీ నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు నేను చేత్తో చేయలేదు, నోటితో చేశాను. దానివల్ల బోగోలు అవతల ఒక పాలెంలో పోలయ్య అనే మనిషి ఆరేళ్లు సముద్రం మీదికి పోలేదు. చేపలు పట్టడం తప్ప వేరే పని ఎరగని మనిషి. మీకు ఉపయోగపడేది ఏదైనా ఉంటే ఆ కథలోనే ఉంది.

ఇమ్మానుయేలు గారి బొటనవేలు

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా విభాగానికి పెద్ద ఇమ్మానుయేలు గారు. ఆదివారం మా చర్చిలో హార్మోనియం వాయించేవారు, మిగతా ఆరు రోజులూ అదే వేళ్లతో మనుషుల నడుములు వాయించేవారు. పేషెంటు "అబ్బా" అంటే "ఆ, దొరికింది" అనేవారు. "అమ్మా" అంటే ఇంకొంచెం నొక్కేవారు. నొప్పి తెలియకపోతే వైద్యం జరగనట్టేనని ఆయనకూ నమ్మకం, పేషెంట్లకూ నమ్మకం. సంగం నుంచి వచ్చే వరి రైతులైతే, "ఏంది సార్, ఆ పిల్ల నిమిరి పంపిస్తా ఉండాది" అని నా మీద ఫిర్యాదు చేసేవాళ్లు.

"చెయ్యి అబద్ధం చెప్పదు సుగుణా" అనేవారు ఆయన. బైబిలు వాక్యాన్ని నమ్మినట్టు నమ్మాను. వీపు మీద వేలికి తగిలే ప్రతి గడ్డా, ప్రతి మిట్టా పల్లమూ ఏదో చెబుతోందనుకున్నాను. ఏమీ తగలకపోతే నా వేలికి ఇంకా చదువు రాలేదనుకున్నాను. గట్టిగా నొక్కీ నొక్కీ నా బొటనవేలి కీళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు పచ్చడి సీసా మూత తీయాలన్నా పక్కింటావిడను పిలవాలి. గట్టిగా నొక్కితేనే గుణం అన్న సిద్ధాంతం వల్ల కచ్చితంగా మారిన శరీరం ఏదైనా ఉందంటే అది నాదే.

ఆయన్ని ఇంతగా ఆడిపోసుకుని, ఇంకో సంగతి చెప్పకపోతే పాపం. ఒకసారి ఒక టీచరమ్మ వచ్చింది. మడమ విరిగి మూడు వారాలు కట్టుతో మంచం మీదే ఉండి లేచింది. "పిక్క పట్టేసింది, కాస్త నూనె రాసి లాగమ్మా" అంది. నేను నూనె చేతిలో పోసుకున్నాను. అటుగా పోతున్న ఇమ్మానుయేలు గారు గుమ్మంలో ఆగి, "చెయ్యి తియ్యి" అన్నారు. ఆ గొంతు అంత కరుకుగా నేనెప్పుడూ వినలేదు.

"రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడు" అన్నారు. చూశాను. ఒక పిక్క రెండోదానికంటే బాగా లావుగా ఉంది. చర్మం బిగిసి మెరుస్తోంది. స్కానింగుకు పంపితే లోపలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం బయటపడింది. నేను ఆ పిక్కను పిసికి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉండేదని డాక్టరు చెప్పారు. 

అందుకని పిల్లలకు ముందు ఇదే చెబుతాను. ఒక కాలు మాత్రమే వాచినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, ఊరికే మనిషి చిక్కిపోతున్నా, కాలు పట్టు తప్పుతున్నా, ఒంటికి పోవడం తెలియకపోతున్నా నూనె సీసా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పంపండి. చెయ్యి మీద అంత నమ్మకమున్న మనిషి ఆ రోజు చెయ్యి వేయకుండా ఒక ప్రాణం కాపాడారు. పై అధికారుల్లో పూర్తి మంచివాళ్లు, పూర్తి చెడ్డవాళ్లు నాకెక్కడా తగల్లేదు. ఎవరి దగ్గర ఏది పనికొస్తుందో ఏరుకోవడమే.

పోలయ్య నడుము

ఇమ్మానుయేలు గారు రిటైరయ్యాక నేనే పెద్దదాన్నయ్యాను. ఆ రోజుల్లోనే పోలయ్యను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. నలభై ఆరేళ్ల మనిషి, పొద్దున బోటును నీళ్లలోకి తోస్తుంటే నడుము పట్టేసింది. పక్కకు ఒరిగిపోయి, ముక్కుతూ మూలుగుతూ వచ్చాడు. వెంట వాళ్లమ్మ కొండమ్మ.

కాళ్ల బలం చూశాను, స్పర్శ చూశాను, అడగాల్సినవన్నీ అడిగాను. అన్నీ బాగానే ఉన్నాయి. అది మామూలుగా పట్టేసిన నడుము. అలాంటివి ఎక్కువభాగం కొన్ని వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. కానీ ఆటోలో పడుకుని వచ్చిన మనిషికి "అదే తగ్గుతుంది" అని చెబితే నా చదువేంగాను, నా హోదా ఏంగాను? పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము మీద ఒక్క ఊపు ఇచ్చాను. టక్కుమని శబ్దం వచ్చింది. గదిలో అందరూ విన్నారు. పోలయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. వచ్చినప్పటికంటే నిటారుగానే ఉన్నాడు. కొండమ్మ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

"ఏమైనాదమ్మా వీడికి?" అని అడిగింది.

"వెన్నుపూస జరిగింది. కూర్చోబెట్టినాను" అన్నాను.

"మళ్లా జరగతాదా?"

అక్కడైనా నోరు మూసుకోవాల్సింది. "ఒంగితే జరగతాది, బరువెత్తితే జరగతాది. జాగ్రత్తగా ఉండాల" అన్నాను. ఒక బెల్టు కూడా రాసిచ్చాను.

పోలయ్య ఆ మాటలు పెదాల మీద ఒకసారి అనుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పేషెంటు మళ్లీ రాకపోతే బాగైపోయాడని మేం అనుకుంటాం. అది ఎంత తప్పో మనకు తెలిసే దారి లేదు, చెప్పడానికి అతను రాడు కదా.

ఎరుపు, నీలం, ఆకుపచ్చ

నాలుగేళ్లు గడిచాక శ్రీవల్లి అనే అమ్మాయి మా దగ్గర చేరింది. దాని నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎట్లా తెలుసు మేడమ్?" ఒకరోజు ఒకాయన వీపు మీద వేలు పెట్టి, "ఇక్కడ గడ్డ ఉంది, చూడు" అన్నాను. వేలు పెట్టి చూసి, "నాకు తగల్లేదు మేడమ్" అంది.

"నీకింకా చెయ్యి కుదరలేదులే."

"అయితే పరీక్ష చేద్దామా? ఎవరి చెయ్యి కుదిరిందో తేలిపోతుంది."

చిన్నపిల్ల సవాలు చేస్తే తగ్గుతానా? వార్డు బాయ్ మస్తాన్‌ను బోర్లా పడుకోబెట్టాం. మనవరాళ్లను ఎత్తుకునే వయసు, అయినా అందరికీ వార్డు బాయే. నేను ఎర్ర స్కెచ్ పెన్నుతో గడ్డలు తగిలినచోట చుక్కలు పెట్టాను. శ్రీవల్లి వాటిని ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు మీదికి ఎత్తుకుని, వీపు తడిగుడ్డతో తుడిచేసింది. తర్వాత నేను బయట నిలబడితే అది నీలం పెన్నుతో తన చుక్కలు పెట్టింది. భోజనాలయ్యాక మళ్లీ నేను, ఈసారి ఆకుపచ్చ పెన్నుతో. మూడు షీట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూశాం.

నావి ఏడు ఎర్ర చుక్కలు. దానివి ఐదు నీలం చుక్కలు. కలిసింది ఒక్కటి. అది పోనీ, అది కొత్తపిల్ల. నా ఆకుపచ్చ చుక్కల్లో నా ఎర్ర చుక్కలతో కలిసినవి రెండే రెండు. అన్నం తినకముందు నా చేతికి తగిలిన గడ్డలు, తిన్నాక ఊరెళ్లిపోయాయి.

"ఇంతకీ నాకు యాడా నొప్పి లేదు మేడమ్" అన్నాడు మస్తాన్, చొక్కా వేసుకుంటూ.

రెండు రోజులు శ్రీవల్లి ముఖం చూసి మాట్లాడలేదు. కోపం దాని మీద కాదు, ముప్పై ఏళ్ల నా చేతి మీద. మూడో రోజు నేనే స్కెచ్ పెన్నులు బయటికి తీశాను. ఇంకో వీపు, ఇంకో వీపు చూశాం. ప్రతిసారీ దాదాపు అదే తంతు. అప్పుడు నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. నేను దొరికాయనుకున్న గడ్డలు అక్కడ లేకపోతే, ఇన్నేళ్లూ జనం "హాయిగా ఉందమ్మా" అని లేచి వెళ్లింది దేనివల్ల?

ఉద్యోగంలో చివరి సంవత్సరాలు ఆ ప్రశ్న వెంటే తిరిగాను. అంత ఉత్సాహంగా ఎప్పుడూ పని చేయలేదు. ప్రతి మనిషినీ మర్దనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వంగమని, వేళ్లు నేలకు ఎంత దగ్గరికి వెళ్లాయో చూసేవాళ్లం. మెత్తగా చేసిన రోజు, గట్టిగా చేసిన రోజు విడివిడిగా రాసుకున్నాం. మాకు తేడా కనిపించలేదు. శ్రీవల్లి తెచ్చిన వ్యాసాలు మధ్యాహ్నాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మర్దనతో కొంతసేపు ఉపశమనం దొరకడం నిజమే. ఆ కాసేపట్లో మనిషి భయం లేకుండా కదలగలిగితే, ఆ కదలిక వల్ల మేలు. అంతేగాని మామూలు నడుము నొప్పిలో పూసలు పక్కకు జరగడమూ, మనం చేత్తో సర్దడమూ ఉత్తిది. ఆ టక్కుమనే శబ్దం కీలు లోపలి జిగురు నీటిలో పుట్టే బుడగ వల్ల. మెటికలు విరిస్తే వచ్చేదీ అదే.

అది చదివిన రోజు నాకు పోలయ్య గుర్తు రాలేదు. నిజం చెబుతున్నాను. ఎంతమందికో అదే మాట చెప్పి ఉంటాను, ఒక్కరూ గుర్తు రాలేదు.

తుఫాను షెల్టరులో

ఇంకో రెండేళ్లకు, నా రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, బోగోలు అవతల పాలెంలో మా ఆసుపత్రివాళ్లు క్యాంపు పెట్టారు. తుఫాను షెల్టరులో రెండు బల్లలు వేశాం. మొదట వచ్చినామె చేపల గంప మోసే మనిషి. చీర మీద నడుముకు బెల్టు.

"నాకు పూస జరిగిందమ్మా" అంది.

"నొప్పి ఎక్కడ?"

"ఇప్పుడు లేదు. ఒంగితే జరగతాది, బరువెత్తితే జరగతాది. జాగ్రత్తగా ఉండాల."

తర్వాత వచ్చినాయన అలివి వల ఒడ్డుకు లాగే మనిషి. ఆయనా అదే మాట. ఆ తర్వాత ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వాళ్లూ అదే. మాట పొల్లుపోకుండా, అదే వరసలో. మధ్యాహ్నానికి తొమ్మిదిమంది అయ్యారు. షెల్టరు మెట్ల మీదనుంచి చూస్తే ఇళ్ల ముందు తీగల మీద చొక్కాల పక్కన బెల్టులు ఆరుతున్నాయి. నాకు వింతగా అనిపించింది. ఒకే ఊళ్లో ఇన్ని నడుములకు ఒకే పాఠం ఎవరు నేర్పారు?

"ఎవురు చెప్పినారు మీకు ఈ మాట?" అని అప్పుడు బల్ల దగ్గరున్న పిల్లను అడిగాను.

"పోలయ్య మావ. ఆయనకే గదా ముందు జరిగింది."

"ఆయనకెవురు చెప్పినారు?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే గదమ్మా!"

బల్ల వదిలేసి, శ్రీవల్లిని తోడు తీసుకుని పోలయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఇంటి ముందు రెండు వెదురు కర్రలు పాతి, వాటి మీద గుండెల ఎత్తున వల ఆరవేసి, నిలబడి వల కుడుతున్నాడు. పాలెంలో అందరూ ఇసుకలో కాళ్లు చాపుకుని కుడతారు. ఇతనొక్కడే నిలబడి. ఆ వీపును నేను వెంటనే గుర్తుపట్టాను. చేతిలోని సూది జారి ఇసుకలో పడింది. పోలయ్య కదల్లేదు. లోపలినుంచి డెబ్బై దాటిన కొండమ్మ వచ్చి, వంగి, సూది తీసి కొడుకు చేతికిచ్చింది.

"పోలయ్యా, నొప్పి ఉందా?" అన్నాను.

నన్ను చూసి ముఖం నిండా నవ్వాడు. "ల్యా అమ్మా! నొప్పి పొయ్యి ఐదేండ్ల పైన. నువ్వు చెప్పినట్టే జాగ్రత్తగా ఉండా. ఒక్క దినం గూడా ఒంగలా. బోటు మీదికి మా తమ్ముడు పోతా ఉండాడు."

అక్కడ నాకొక సులువైన దారి కనిపించింది. "నీ పూస ఇప్పుడు గట్టిగా అతుక్కుంది, ఇక భయం లేదు" అంటే చాలు, మర్నాడే బోటెక్కుతాడు. నా పరువూ నిలుస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తీగల మీద ఆరే ఆ బెల్టులన్నీ ఏం కావాలి? ఒక అబద్ధం పాలెమంతా పాకితే ఏమైందో చూశాక, రెండోది వదలడానికి నోరు రాలేదు.

"ఆ రోజు నీ పూస జరగలేదు పోలయ్యా" అన్నాను.

"కూర్చోబెట్టినావే!"

"లేదు. నేను చెప్పింది తప్పు."

"టక్కుమన్నాది గదా! నేను ఇన్నా, మా అమ్మా ఇన్నాది."

నేను చేతులు ముందుకు చాపి మెటికలు విరిచాను. "ఈ శబ్దం ఎట్టాంటిదో అదీ అట్టాంటిదే. నా వేలు జరిగిందా ఇప్పుడు? కూర్చున్నాదా?"

అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. కొండమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓసి నీ పాసుగూలా! ఈ మెటికకేనా నేను రెండు చేతులెత్తి దండం పెట్టినా?" అంది. అందరూ నవ్వారు. పోలయ్య నవ్వలేదు.

"మరి అట్టా ఎందుకు చెప్పినావమ్మా?"

"అదే తగ్గిపోతాదని చెప్పడానికి నామోషీ అయినాది."

"ఆరేండ్లమ్మా" అని, వల వైపు తిరిగి కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

తాడు

ప్రతి గురువారం సెలవు పెట్టుకుని ఆ పాలెం పోయాను. మొదటి వారం పోలయ్య నాతో మాట్లాడలేదు. రెండో వారం, "ఒంగినాక ఏమన్నా అయితే?" అన్నాడు. "నేను ఈడే ఉంటాను" అన్నాను.

బుద్ధికి తెలిసినంత మాత్రాన ఒంటికి తెలియదు. ముక్కాలి పీట మీద సూది పెట్టి తీయమంటే చెమటలు కారాయి. "నీ చెయ్యి నడుము మీద పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. నొక్కలేదు, సర్దలేదు, ఊరికే ఉంచాను. ఆ చేతి కింద కండరాలు బిగుసుకుని, వణికి, మెల్లగా వదులయ్యాయి. అతను వంగి సూది తీశాడు. జనం హాయిగా లేచి వెళ్లింది దేనివల్ల అన్న నా ప్రశ్నకు సమాధానం ఇందులోనే కొంత ఉందనుకుంటాను. మిగతాది నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి ఇప్పుడు నామోషీ లేదు.

నాలుగో వారం మళ్లీ నడుము పట్టేసింది. "చూసినావా, నువ్వు చెప్పింది విని ఒంగినా!" అని కేకలేశాడు. నేనూ భయపడ్డాను. పరీక్షించి, ఏమీ విరగలేదని, నాలుగు దినాల్లో సర్దుకుంటుందని చెప్పి వచ్చాను. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర సరిగా లేదు. గురువారం పోయేసరికి సర్దుకుంది. అది తనంతట తానే సర్దుకోవడం అతను మొదటిసారి చూశాడు. నా పాఠాలన్నిటికంటే అదే ఎక్కువ పని చేసింది.

పాలెంలో అందరూ నన్ను నమ్మారని చెప్పను. కొందరు బెల్టులు విప్పలేదు. ఇద్దరు ముగ్గురు, "ఈమె మాట మార్చేసినాది" అని వేరే ఊళ్లో ఎముకలు సర్దే ఆయన దగ్గరికి పోయారు. విప్పినవాళ్ల బెల్టులు మాత్రం పీతల గంపలు కట్టడానికి బాగా పనికొచ్చాయి.

నా ఉద్యోగంలో చివరి గురువారం నేను పోయేసరికి ఒడ్డున అలివి లాగుతున్నారు. సముద్రంలో అర్ధచంద్రంగా వేసిన వలను రెండు తాళ్లు పట్టుకుని రెండు వరసల జనం ఒడ్డుకు లాగుతారు. పాటకు తగ్గట్టు వంగడం, లాగడం, వెనక్కి అడుగు వేయడం. పోలయ్య రోజూలాగే దూరంగా నిలబడి చూస్తున్నాడు. కొండమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా.

పోలయ్య నడిచిపోయి, వరసలో ఆఖరి మనిషి వెనక నిలబడ్డాడు. తాడు ఇసుకలో ఉంది. ఒకసారి నా వైపు చూశాడు. నా చెయ్యి అతని నడుముకు యాభై గజాల దూరంలో ఉంది. వంగాడు. తాడు తీశాడు. లాగాడు.

వల ఒడ్డుకు వచ్చింది. పెద్ద చేపలేమీ పడలేదు, చిల్లర చేపలే. కొండమ్మ నా చెయ్యి వదిలి, ఇసుకలో తడబడుతూ కొడుకు దగ్గరికి పోయింది. తడిసిన అతని ముఖాన్ని రెండు చేతులతో పైనుంచి కిందికి నిమిరి, ఆ చేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. టకటకమని అన్ని వేళ్లూ పలికాయి. మా క్రైస్తవుల ఇళ్లలో దిష్టిని నమ్మం అంటాం గానీ, మా అమ్మ కూడా నాకు అట్లాగే విరిచేది.

పోలయ్య తల్లి భుజం మీదుగా నన్ను చూశాడు. ఆ క్యాంపు రోజు తర్వాత నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

"సుగుణమ్మా, మా అమ్మ ఎన్ని పూసలు కూర్చోబెట్టిందో ఎంచినావా?" అని అరిచాడు.

నేను ఎంచలేదు. తాడు చివర ఇసుకలో పడి ఉంటే వంగి తీసుకుని, దాన్ని చుట్టడానికి మోసుకుపోయే వాళ్ల వరసలో వెనక నిలబడ్డాను.